ఎడంచేతి వడ్డన

మొన్న ఆదివారం మా అల్లుడు పోర్టికోలో మోటారు సైకిలు వెనక చక్రం విప్పాడు. రాజమండ్రిలో సందుకో మెకానిక్కు ఉన్నాడు. ఫోను చేస్తే ఇంటికే వచ్చి చేసి పెడతాడు. అయినా మా అల్లుడికి ఏ పనైనా వీడియోలో చూసి సొంతంగా చేస్తేనే తృప్తి. పోయిన నెల అలాగే చూసి పనసపొట్టు కూర వండాడు. ఆవ ఎక్కువై ఇంటిల్లిపాదీ కళ్ళు తుడుచుకుంటూ తిన్నాం. ఇంటి అల్లుడు కదా, బాగుందనే అన్నాం.

ఈసారి బ్రేకు షూలు మార్చడం. మా అమ్మాయి ఫోను పట్టుకుని నిలబడింది, అతను పానాలు పట్టుకున్నాడు. నేను గుమ్మంలో కూచుని చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నాను. గ్రీజు వాసన, పాత రబ్బరు వాసన, చక్రంలోంచి రాలిన నల్ల దుమ్ము వాసన. చాలా ఏళ్ళ తర్వాత అవన్నీ ఒక్కసారి ముక్కుకి తగిలాయి. లేచి లోపలికి పోదామనుకున్నాను కానీ పోలేదు.

చక్రం బిగించడం అయిపోయింది. అల్లుడు చేతులు తుడుచుకుంటూ, నవ్వుతూ, అరచెయ్యి చాపాడు.

"అత్తయ్యగారూ, ఇదొకటి మిగిలిపోయిందండి."

బొటనవేలంత ఇనప గొట్టం ముక్క. బుష్షు అంటారు దాన్ని. చక్రానికీ చట్రానికీ మధ్య, ఇరుసు మీద కూచుంటుంది. అది లేని చక్రం రోడ్డెక్కాక పక్కకి జరిగిపోతుంది.

"పర్లేదులెండి, ఇది లేకపోయినా చక్రం తిరుగుతోంది," అన్నాడు.

"విప్పండి," అన్నాను.

"ఏంటండీ?"

"మళ్ళీ విప్పండి. అది లేకుండా ఈ బండి గేటు దాటడానికి వీల్లేదు."

నా గొంతు నాకే కొత్తగా వినపడింది. అల్లుడు మొహం మాడ్చుకున్నాడు. ఆ విసురు నా మీద చూపించలేక మా అమ్మాయి మీద కసురుకున్నాడు. "నువ్వు ఫోను సరిగ్గా పట్టుకుని ఏడిస్తే కదా! ఆ ముక్క దగ్గర ఎటో చూస్తున్నావు." చిన్న కసురే. ఏ ఇంట్లోనైనా ఉండేదే. మా అమ్మాయి కూడా "బాగుంది, నామీదా!" అని నవ్వేసింది. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ కసురులోని ఒక జీర నాకు బాగా తెలుసు. ఇలాంటి బుష్షు ముక్క కోసమే మా ఇంట్లో ఒకసారి ఒక చెయ్యి విరిగింది.

మాది తణుకు వైపు, కాలువ గట్టు మీది ఊరు. ఊళ్ళో మొదటి మోటారు సైకిలు మా నాన్నది. దానికి ముందు గుర్రాల్లాంటి ఎద్దులుండేవట మాకు. వాటిని అమ్మిన రోజు మా మామ్మ, అంటే నాన్నకి అమ్మ, అన్నం తినలేదట. "ఎద్దయితే కొడితే తెలుస్తుంది. దీన్ని కొడితే ఏం తెలుస్తుంది?" అనేది బండిని చూసి. మామ్మ లెక్కలో దేని విలువైనా దెబ్బతోనే తేలేది.

నిజానికి నాన్న ఆ బండిని ఎప్పుడూ కొట్టలేదు. కొట్టనిది అదొక్కదాన్నే. పాలేర్ని కొట్టేవాడు. రైసు మిల్లు దగ్గర తూకంలో మోసం చేశాడని గుమస్తాని పాత చైనుతో కొట్టాడు. ఆ మనిషి వీపు మీద చైను లంకెలు అచ్చుపడ్డాయని చూసొచ్చినవాళ్ళు చెప్పుకునేవారు. అమ్మని కొట్టడానికి పెద్ద కారణం అక్కర్లేదు. కాఫీ చల్లారితే చాలు. అంత చెయ్యి బండి మీద పడేసరికి మెత్తబడిపోయేది. పాత పంచె చింపి, కొబ్బరినూనె అద్ది, సాయంత్రం పూట టాంకు తుడుస్తుంటే నేను గుంజ పక్కన నిలబడి చూసేదాన్ని. నాకు బండి మీద అసూయగా ఉండేది. ఆ మాట ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

గట్టు రోడ్డంతా తుమ్మముళ్ళు. నెలకోసారైనా వెనక టైరు పంక్చరయ్యేది. నాన్న బండిని ఇంకొకడి చేతిలో పెట్టడు కాబట్టి చక్రం మా పెరటి చావడిలోనే ఊడేది. దానికి నాన్నకి ఒక పద్ధతి ఉంది. పెరట్లోంచి అరిటాకు కోసి తెచ్చి, కడిగి, భోజనానికి పరిచినట్టే కొస ఎడం పక్కకి వచ్చేలా నేల మీద పరిచేవాడు. ఊడదీసిన ముక్కలన్నీ ఆ ఆకులోనే. బ్రేకు రాడ్డు నట్టు పెరుగు పోసుకునే చోట. చైను లాకు కూరల చోట. ఇరుసు నట్టు పప్పు చోట, ఇరుసు ఊరగాయ పక్కన. అన్నిటికంటే ఆఖర్న జారి వచ్చే బుష్షు మాత్రం ఎడం మూల, ఉప్పు వడ్డించే చోట. ఎందుకంటే విప్పేటప్పుడు ఆఖర్న వచ్చిందే బిగించేటప్పుడు ముందు కావాలి. వడ్డనలో ఉప్పు ముందు కదా.

"ఆకులో ఏ ముక్క ఎక్కడుందో కళ్ళు మూసుకుని తియ్యగలగాలే," అనేవాడు నాతో. అలాంటప్పుడు నాన్న గొంతు బాగుండేది. నేను ఇరుసు మీద గ్రీజు రాసేదాన్ని. పంక్చరు అతికే సొల్యూషన్ ట్యూబు మూత తీసి దొంగతనంగా వాసన పీల్చేదాన్ని. తల తిరిగేది, ఆ తిరగడం ఇష్టంగా ఉండేది.

చక్రం బయటికి రావాలంటే ఒకరు బండిని పక్కకి ఒంచి పట్టుకోవాలి, ఇంకొకరు మడ్‌గార్డు కింద నుంచి చక్రాన్ని లాగాలి. ఒంచి పట్టుకునే పని అమ్మది. కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, హ్యాండిలు రెండు చేతులా పట్టుకుని, ఆ బరువంతా తుంటి మీద ఆనించుకుని నిలబడేది. కొంచెం కదిలితే నాన్న కింద నుంచి పానాతో కాలి మీద ఒకటి ఇచ్చేవాడు. అమ్మ ఎడం తుంటి మీద ఎప్పుడూ ఒక నల్లటి కమిలిన మచ్చ ఉండేది. స్నానం చేసేటప్పుడు నేను వేలు పెట్టి నొక్కి, "నొప్పా?" అని అడిగేదాన్ని. "అలవాటైపోయిందే," అనేది.

నాకు ఎడం చేతివాటం. ఒకరోజు నాన్నకి నేను వడ్డిస్తున్నాను. ముచ్చటపడి అడిగి మరీ తెచ్చుకున్న పని. చింతచిగురు, ఎండురొయ్యలు వండింది అమ్మ. ఇల్లంతా ఘుమఘుమలు. నేను మర్చిపోయి ఎడం చేత్తో ఉప్పు వేశాను. నాన్న ఆకుని అన్నంతో సహా ఎత్తి గోడకేసి విసిరికొట్టాడు. వేడివేడి అన్నం, కూర గోడమీంచి జారుతున్నాయి. తర్వాత నా చెయ్యి పట్టుకుని, గ్లాసు అడుగుతో వేళ్ళ కణుపుల మీద కొట్టాడు. "ఎడం చేత్తో పెడతావా నాకు? పిండం పెడుతున్నావా?" నేను ఏడిస్తే ఇంకోటి పడుతుందని ఏడవలేదు. మామ్మ మర్నాటినుంచీ గుడ్డపీలికతో నా ఎడం చేతిని మొలతాడుకి కట్టేసేది. "ఆడపిల్లకి ఎడం చేతివాటం ఏంటే, అత్తారింట్లో మమ్మల్ని తిట్టించడానికా?" దానికి బదులు నేను మామ్మ తలనూనె సీసాలో గ్రీజు కలిపాను. నెల్లాళ్ళు మామ్మ తల మీద ఈగ వాలితే లేవలేదు. ఎవరు చేశారో అమ్మకి తెలుసు. చెప్పలేదు.

మామ్మకి కోపిష్టి మగవాళ్ళంటే గొప్ప. సాయంత్రాలు అరుగు మీద చుట్ట కాల్చుకుంటూ తాత కథలు చెప్పేది. పొలంలోకి గేదెని తోలినవాడి కాలు తాత గునపంతో ఎలా విరగ్గొట్టాడో, కోర్టులో జడ్జీగారు ఎలా బిత్తరపోయారో, అవన్నీ పురాణం చెప్పినట్టు చెప్పేది. "మగాడన్నాక చెయ్యి లేవాలే. లేవని చెయ్యి దేనికి, తద్దినం పెట్టడానికా?" అని చుట్ట పొగ వదిలేది.

ఇద్దరు కొడుకులకీ ఆ ఆస్తి సమానంగా పంచింది మామ్మ. నాన్న తమ్ముడు మా బాబాయి. పెళ్ళయ్యాక వేరుపడి, అవతల కాలువ దాటాక శివారు చేల దగ్గర ఇల్లు కట్టుకున్నాడు. నాకు బాబాయంటే ప్రాణం. నాన్న బండివి చిరిగిన ట్యూబులకి అతుకులేసి, గాలి కొట్టి, నన్నూ మా పేట పిల్లల్నీ వాటిలో కూచోబెట్టి కాలువలో తోసేవాడు. వేసవిలో కాలువ నీళ్ళు పచ్చి బెల్లం వాసన వేసేవి. అవతల ఒడ్డున గానుగ దగ్గర చెరుకు పిప్పి కుళ్ళేది కదా. ఒకసారి వేరే పేట కుర్రాడొకడు నా ట్యూబు లాక్కున్నాడు. బాబాయి వాడి జుట్టు పట్టుకుని నీళ్ళలో ముంచాడు. వాడి కాళ్ళు నీళ్ళని బాదాయి, బాదాయి, మెల్లిగా ఆగిపోతున్నాయి. అప్పుడు పైకి తీసి, వాడి మొహంలోకి చూసి పకపకా నవ్వాడు. ట్యూబు నాకిచ్చాడు. నేనూ నవ్వాను. ఆ కుర్రాడు మాత్రం గట్టు మీద పడుకుని నీళ్ళు కక్కుతున్నాడు.

ఆ ఏడు దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు చాల్లేదు. వరి వెన్ను ఇంకా పొట్టలో ఉన్న వేళ కాలువకి వంతులు పెట్టారు. ఈ పూట ఎగువ వాళ్ళకి, ఆ పూట శివారు వాళ్ళకి. నాన్న చేనూ బాబాయి చేనూ ఒకే తూము కింద. తాతల నాటి నుంచీ అంతే. ఎవరి వంతులో ఎవరు తూము తలుపు దించారో నాకు ఇప్పటికీ తెలీదు. ఇద్దరూ రెండోవాడే అన్నారు. తెలిసిందల్లా ఒక్కటే. ఒక ఉదయం నాన్న నెత్తి పగిలి, చొక్కా అంతా నెత్తురుతో, బండి నడుపుకుంటూ వచ్చాడు. బాబాయి పార కామతో కొట్టాడట, కూలీలందరి ముందూ.

అమ్మ గాయానికి కాఫీపొడి అద్ది గుడ్డ కట్టింది. నాన్న తిట్టలేదు, అరవలేదు. మాకు భయం వేసింది అందుకే. మామ్మ మాత్రం అరుగు మీద నుంచి, "తమ్ముడి చేత తన్నులు తిని ఇంటికొచ్చినవాణ్ణి నా కాలంలో చూడలేదు," అంది. నాన్న తలెత్తి తల్లిని చూశాడు. లేచి, కొబ్బరి బొండాలు కొట్టే కత్తి తీసుకుని నూతి పక్క రాతి మీద నూరడం మొదలెట్టాడు. నీళ్ళు చిలకరించి, నూరి, బొటనవేలితో చూసుకుని, మళ్ళీ నూరాడు. ఆ చప్పుడు వింటూ అమ్మ వంట చేసింది.

"సాయంత్రం చెరుకు ఫ్యాక్టరీ సైరను కూసేదాకా వాడి వంతే. అప్పటిదాకా తూము దగ్గర ఒక్కడే ఉంటాడు," అన్నాడు నాన్న భోజనానికి కూచుంటూ, ఎవరితోనూ కాకుండా. మామ్మ చేతిలో చుట్ట ఆరిపోయింది. తన మాట ఎక్కడిదాకా వెళ్ళిందో ఆవిడకి అప్పుడు తెలిసినట్టుంది. "ఒరేయ్, నేనేదో..." అంది. నాన్న వినలేదు. మామిడికాయ పప్పు రెండోసారి వేయించుకుని తిన్నాడు. కత్తిని తువ్వాలులో చుట్టి బండి పక్క డబ్బాకి కట్టాడు. కట్టి, లోపలికెళ్ళి మంచం మీద పడుకున్నాడు. తమ్ముణ్ణి నరకడానికి వెళ్ళేవాడు కూడా భోజనం చేశాక ఒక కునుకు తియ్యాల్సిందే. మా డెల్టా మగవాళ్ళ సంగతి తెలిసినవాళ్ళు దీన్ని అబద్ధం అనరు.

గురక వినపడ్డాక అమ్మ నన్ను చావడిలోకి పిలిచింది.

"అమ్మాయ్, చప్పుడు చెయ్యకు. పానాల సంచి పట్రా."

"ఎందుకమ్మా?"

"చక్రం విప్పేద్దాం."

నేను నోరు తెరిచాను. గాలి తీసేస్తే పోదా అన్నాను. "గాలి కొట్టుకుంటారు. కత్తి దాస్తే గొడ్డలుంది. ప్లగ్గు పీకితే ఇంకోటి జేబులోనే ఉంటుంది. తాళం మొలతాడుకే ఉంది," అంది అమ్మ. అన్నీ ఆలోచించుకునే వచ్చింది. సైకిలు పాలేరు సంతకి పట్టుకుపోయాడు.

"నడిచి వెళ్తారేమో?"

అమ్మ గది వైపు ఒకసారి చూసింది. "నడిచెళ్ళేవాడికి కోపం దారిలో దిగిపోతుందే. బండి మీద వెళ్ళేవాడికి ఎక్కుతుంది," అంది. అని, పెరట్లోకి వెళ్ళి అరిటాకు కోసుకొచ్చి, కొస ఎడం పక్కకి పెట్టి పరిచింది.

"ఇప్పుడు ఆకెందుకమ్మా?"

"బాగుంది! ఏ ముక్కయినా పోతే రేపు మీ నాన్న బండి ఎలా బిగించుకుంటారు?"

నాన్న చేతి కింద అన్ని ఏళ్ళు నిలబడి చూసింది కాబట్టి అమ్మకి అన్నీ తెలుసు. నాకూ తెలుసు. బ్రేకు రాడ్డు ఊడింది. చైను లాకు ఊడింది. ఇరుసు నట్టు దగ్గర చిక్కొచ్చింది. నాన్న బిగింపు అది. అమ్మ పానా తగిలించి, గుంజ పట్టుకుని, పానా మీద పాదం వేసి నిలబడింది. నట్టు కీచుమంది. లోపల గురక ఆగింది. ఇద్దరం ఊపిరి బిగబట్టాం. మంచం కిర్రుమంది, మళ్ళీ గురక. అమ్మ బండిని తుంటి మీదికి ఒంచుకుంది. నేను చక్రాన్ని కాళ్ళతో తన్నిపట్టి లాగాను. అది వచ్చి నా ఒళ్ళో పడింది. నా పరికిణీ అంతా నల్లటి జిడ్డు.

తలెత్తి చూస్తే చావడి గుమ్మంలో మామ్మ. మామ్మ ఒక్క కేక వేస్తే అయిపోయేది. అమ్మ మెల్లిగా అంది, "అత్తయ్యగారూ, ఇద్దరూ మీ కొడుకులేనండి." మామ్మ చాలాసేపు చక్రం వంక చూసి, వెనక్కి తిరిగి అరుగు మీదికి వెళ్ళి కూచుంది.

చక్రం ఒక్కటి ఊడితే లాభం లేదని అమ్మకి తెలుసు. నాన్న పావుగంటలో బిగించేస్తాడు. అందుకని ఆకులో ఎడం మూల ఉన్న బుష్షు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. నేను వెనకే వెళ్ళాను. కల్లుప్పు జాడీలో మోచేతిదాకా చెయ్యి పెట్టి అడుక్కి దించింది. చెయ్యి దులుపుకుని, వచ్చి చావడి గుంజకి ఆనుకుని నిలబడింది. కుడిచేతి పిడికిలి బిగించి ఉంది.

నాన్న లేచి, మొహం కడుక్కుని, చావడిలోకి వచ్చాడు. స్టాండు మీద వెనక చక్రం లేని బండి. పక్కన ఆకులో వరసగా ముక్కలు. ముందు అర్థం కాలేదు. తర్వాత ఆకు వంక చూశాడు. ఎడం మూల ఖాళీ.

"ఏదే?" అన్నాడు.

"నా దగ్గరే ఉంది."

"ఇయ్యి."

"సైరను కూశాక ఇస్తానండి."

మొదటి దెబ్బకి అమ్మ గుంజకి కొట్టుకుంది. పై పెదవి చిట్లింది. రెండోదానికి కింద పడింది. జుట్టు పట్టుకుని లేపాడు. గాలి కొట్టే పంపుతో వీపు మీద, భుజాల మీద, తొడల మీద కొట్టాడు. అమ్మ అరవలేదు. ముక్కుతో ఊపిరి తీసుకుంటున్న చప్పుడు మాత్రం వినపడింది. పిడికిలి మాత్రం పొట్టకేసి అదుముకుని ఉంది. నాన్న దృష్టంతా ఆ పిడికిలి మీదే. నేను నేల మీది పెద్ద పానా ఎత్తి నాన్న మోకాలి మీద కొట్టాను. బలమంతా పెట్టే కొట్టాను. నాన్న వెనక్కి తిరగను కూడా తిరగలేదు, చేత్తో ఒక్క విసురు విసిరాడు. చక్రం మీద పడ్డాను. ఆ దెబ్బ తగిలిన చెవిలో ఇప్పటికీ అప్పుడప్పుడూ గుయ్యిమంటుంది.

"చంపేస్తాను, విప్పవే!"

"చంపండి. నన్ను చంపితే మీకు ఉరి పడదు, వంటమనిషి కరువవుతుంది, అంతే. వాణ్ణి చంపితే ఇద్దరూ పోతారు," అంది అమ్మ నెత్తురు ఉమ్మి. అమ్మ నాన్నకి ఎదురు మాట్లాడగా నేను వినడం అదే మొదటిసారి.

నాన్న అమ్మని నేలకేసి నొక్కి, మోకాలు ఆమె మోచేతి మీద వేసి, రెండు చేతులతో మణికట్టు పట్టుకుని మెలిపెట్టాడు. బిగుసుకున్న నట్టుని తిప్పినట్టే తిప్పాడు. పచ్చి వేపపుల్ల విరిచిన చప్పుడు వచ్చింది. అమ్మ అప్పుడు అరిచింది. పిడికిలి దానంతటదే విచ్చుకుంది.

అందులో ఏమీ లేదు.

ఖాళీ అరచేతి వంక నాన్న చూస్తూ ఉండిపోయాడు. నాలుగు గోళ్ళ గుర్తులు, గ్రీజు మరక, అంతే. ఎంతసేపు అలా ఉన్నాడో తెలీదు. వెతకడానికి లేవలేదు. నన్ను అడగనూ లేదు. ఆడపిల్లకి తెలిసి ఉంటుందని మా ఇంట్లో ఎవరికి తోస్తుంది గనక! గట్టు రోడ్డు అక్కడే ఉంది, ఆయన కాళ్ళు బాగానే ఉన్నాయి. నడవలేదు. చక్రం పక్కన గోడకి చేరగిలబడి, తన చేతులు తను చూసుకుంటూ కూచున్నాడు. నెత్తి మీది గుడ్డలోంచి నెత్తురు మళ్ళీ కారుతోంది. మామ్మ వచ్చి అమ్మ తల ఒళ్ళో పెట్టుకుంది.

దూరంగా చెరుకు ఫ్యాక్టరీ సైరను కూసింది. అప్పుడు ఏడ్చింది అమ్మ.

పక్క ఊరి నుంచి కట్టు కట్టే ఆయన వచ్చి, వెదురుబద్దలు వేసి, మినప్పిండీ గుడ్డుసొనా పట్టించి కట్టాడు. "ఎలా పడ్డారమ్మా?" అని అడిగాడు. అమ్మ చెప్పలేదు. ఆయన నాన్న వంక చూసి, మళ్ళీ అడగలేదు.

మర్నాడు మధ్యాహ్నం మామ్మ వడ్డించబోయింది. "నేనే వడ్డిస్తానండి అత్తయ్యగారూ," అని అమ్మ లేచింది. మొహమంతా వాచి ఒక కన్ను మూసుకుపోయి ఉంది. నాన్న ఆకు ముందు కూచున్నాడు. అమ్మ ఎడం చెయ్యి ఉప్పు జాడీలో పెట్టి, నాన్న ఆకులో ఎడం మూల ఉప్పు వేసింది. ఉప్పుతోబాటు బుష్షు వేసింది.

నేను గోడకి అతుక్కుపోయాను. ఆకు ఇంక లేస్తుందనుకున్నాను. గోడ మీద పాత కూర మరక కూడా ఇంకా పోలేదు.

"బిగించుకోండి," అంది అమ్మ. "నిన్న నడిచైనా వెళ్ళుండొచ్చు మీరు. వెళ్ళలేదు. మీ కోపానికి నా చెయ్యి సరిపోయింది."

నాన్న బుష్షు తీసి, గ్లాసులో నీళ్ళతో ఉప్పు కడిగి, జేబులో వేసుకున్నాడు. అన్నం కలుపుకున్నాడు. అమ్మ అన్నీ ఎడం చేత్తోనే వడ్డించింది. పెరుగుదాకా తిని లేచాడు. అమ్మ కట్టు విప్పేదాకా బండి స్టాండు మీదే ఉంది. ఆకు ఎండి, ముక్కల చుట్టూ ముడుచుకుపోయింది. ఎవరూ తియ్యలేదు.

చెయ్యి వంకరగా అతుక్కుంది. గరిటె పట్టలేదు, గిన్నె ఎత్తలేదు. నాన్న మంచివాడైపోయాడని రాస్తే చదివేవాళ్ళకి హాయిగా ఉంటుంది. అవలేదు. తర్వాత కూడా పాలేళ్ళని కొట్టాడు. నన్ను కొట్టాడు. అమ్మ మీద మాత్రం మళ్ళీ చెయ్యి లేవలేదు. లేవబోయేది, ఆ వంకర మణికట్టు కనపడేది, ఆగిపోయేది. నా ఎడం చేతికి కట్టిన గుడ్డపీలిక మామ్మే విప్పేసింది.

బాబాయి రెండు మూడేళ్ళు మా గడప తొక్కలేదు. మామ్మకి జబ్బు చేసినప్పుడు వచ్చాడు. మంచం పక్కన అన్నదమ్ములిద్దరూ ఏడ్చారు. మధ్యాహ్నం ఇద్దరికీ పక్కపక్కన ఆకులు వేశారు. అమ్మ వచ్చి ఎడం చేత్తో బాబాయి ఆకులో ఉప్పు వేసింది.

బాబాయి మొహం ఎర్రబడింది. ఆ ఇంటి ఎరుపే.

"ఏంటొదినా ఇది? నీ గడప తొక్కానని ఎడం చేత్తో పెడతావా? ఇంతకంటే పీట వెయ్యకపోతే పోయేది," అని ఆకు ముందు నుంచి లేచిపోయాడు.

మంచం మీద నుంచి మామ్మ ఏదో అనబోయింది, దగ్గొచ్చింది. నాన్న తలెత్తకుండానే అన్నాడు.

"కూచోరా. ఆ కుడిచెయ్యి విరగ్గొట్టింది నేను. నీ మెడ మీద పడాల్సింది దాని చేతి మీద పడింది. కూచుని తిను."

బాబాయి నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. అమ్మ మణికట్టు చూశాడు. నాన్నని చూశాడు. మెల్లిగా పీట మీద కూచున్నాడు. అన్నం కలుపుతుంటే మెతుకులు ఆకు బయట పడ్డాయి. అమ్మ పప్పుగిన్నె తేవడానికి లోపలికి వెళ్ళింది. నాన్న ఆ మాట అనడం తప్పు ఒప్పుకోవడమేనని మామ్మ పోయేదాకా అంటూ ఉండేది. నాకలా అనిపించలేదు. లెక్క చెప్పినట్టు చెప్పాడు, అంతే. కానీ అమ్మ ఆ రోజు తన అన్నంలోకి రెండోసారి పప్పు వేసుకోవడం నేను చూశాను.

ఇప్పుడు వాళ్ళెవరూ లేరు. ఆ చావడీ లేదు, తూమూ లేదు, ఆ చేలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. గట్టు రోడ్డుకి తారు వేశారు.

మొన్న అల్లుడు గొణుక్కుంటూనే చక్రం మళ్ళీ విప్పాడు. నేను పెరట్లోకి వెళ్ళి అరిటాకు కోసుకొచ్చాను. కొస ఎడం పక్కకి పెట్టి పోర్టికోలో పరిచి, ఒక్కో ముక్కా దాని చోట పెట్టాను. ఆఖర్న అతని అరచేతిలోంచి బుష్షు తీసుకుని ఉప్పు చోట వేశాను.

"అదేంటండీ అత్తయ్యగారూ, ఎడం చేత్తో వడ్డిస్తున్నారు?" అన్నాడు నవ్వుతూ.

మా అమ్మాయి ఫోను పట్టుకుని అతని పక్కనే నిలబడి ఉంది. దాని వంక చూశాను, అతని వంక చూశాను.

"మా ఇంట్లో ఉప్పు ఎడం చేత్తోనే వేస్తారండి. ఎందుకో చెప్తాను, కూచోండి," అన్నాను.